కోస్తా తీరం వెంబడి తిరగడానికి తక్కువ ఇంధనం తాగే చిన్న మోటారు పడవ: తరచుగా అడిగే ప్రశ్నలు

విశాఖ, భీమిలి, కాకినాడ, బందరు, నిజాంపట్నం వైపు ఉంటూ, సొంత పడవలో తీరం వెంబడి ఒకటి రెండు రోజులు తిరిగి రావాలనుకునేవాళ్ల కోసం ఈ పేజీ. చేపల వేటకి, టూరిస్టులను తిప్పే వ్యాపారానికి లెక్కలు వేరు. వాటిని ఇక్కడ ముట్టుకోలేదు.

పడవ కొనేముందు మొదట తేల్చుకోవాల్సింది ఏమిటి? పొడవా, ఇంజినా, కంపెనీనా?

వేగం. ఎన్ని నాట్ల మీద వెళ్తే మీకు చాలో తేల్చుకుంటే మిగతావన్నీ దాని వెంటే వస్తాయి. ఒక నాట్ అంటే గంటకు 1.852 కిలోమీటర్లు. ఆరేడు నాట్లు చాలనుకునేవాళ్లకి ఒక రకం పడవ కావాలి, ఇరవై నాట్లు కావాలనేవాళ్లకి పూర్తిగా వేరే రకం. ఇరవై నాట్ల మీద పరిగెత్తాలి, ఇంధనం మాత్రం ఆరు నాట్ల పడవలా తాగాలి అంటే అలాంటిది ఎవరూ కట్టలేదు, అమ్మేవాళ్లు ఏం చెప్పినా సరే.

నా సలహా ఆరున్నర నాట్ల పడవ. ఎందుకో కింద లెక్కతో సహా ఉంది.

వేగానికీ ఇంధనానికీ అంత సంబంధం ఏమిటి? కారులో కూడా స్పీడు పెంచితే మైలేజీ తగ్గుతుంది కదా?

తగ్గుతుంది, కానీ పడవలో జరిగేది ఇంకా మొండి వ్యవహారం. పడవ కదులుతుంటే ముందు ఒక అల, వెనక ఒక అల లేస్తాయి. వేగం పెరిగేకొద్దీ ఆ రెండిటి మధ్య దూరం పెరుగుతూ, ఒక దశలో పడవ నీటిరేఖ పొడవుతో సమానమవుతుంది. నీటిరేఖ పొడవంటే పడవ మొత్తం పొడవు కాదు, నీళ్లను తాకుతున్నంత మేర పొడవు. అక్కడి నుంచి ఇంకా వేగం కావాలంటే పడవ తను లేపిన అల మీదికి తనే ఎక్కాలి. ముక్కు పైకి లేస్తుంది, వెనక భాగం కుంగుతుంది, ఇంజిన్ గోల పెడుతుంది, వేగం మాత్రం అర నాట్ కూడా పెరగదు.

ఈ హద్దుకి పాతకాలం నుంచి ఒక లెక్క ఉంది. నీటిరేఖ పొడవుని అడుగుల్లో తీసుకుని, దాని వర్గమూలాన్ని 1.34తో గుణిస్తే హద్దు వేగం నాట్లలో వస్తుంది. 16 అడుగులకి 5.4 నాట్లు, 25 అడుగులకి 6.7, 30 అడుగులకి 7.3. అంటే బరువు పెరగనంత వరకూ పొడుగు పడవే పొదుపైన పడవ.

హద్దు లోపల తిరిగినా వేగం చౌక కాదు. కావలసిన శక్తి ఇంచుమించు వేగం ఘనంతో పెరుగుతుంది. ఆరు నాట్ల నుంచి అయిదుకి తగ్గితే గంటకి కాలే ఇంధనం నలభై శాతం దాకా తగ్గుతుంది. ప్రయాణం ఎక్కువసేపు పడుతుంది కాబట్టి మైలుకి లెక్కేసినా ముప్ఫై శాతం మిగులుతుంది. మోటారు మార్చకుండా, పైసా ఖర్చు లేకుండా వచ్చే ఆదా ఇది.

హద్దు దాటి పైకి పోవాలంటే పడవ తేలిగ్గా, అడుగు చదునుగా ఉండాలి, పెద్ద మోటారు ఉండాలి. అప్పుడు అది నీళ్లను చీల్చడం మానేసి నీళ్ల మీద జారుతుంది. స్పీడ్ బోట్లన్నీ ఈ జాతివే. వీటితో చిక్కేమిటంటే, సుమారు 8 నుంచి 14 నాట్ల మధ్య ఇటు చీల్చడమూ కాదు, అటు జారడమూ కాదు. మైలుకి ఎక్కువ తాగేది అక్కడే. సముద్రం కాస్త లేచిన రోజు ఇరవై నాట్ల మీద వెళ్తే నడుం విరిగిపోతుంది కాబట్టి ఎవరైనా తగ్గిస్తారు. తగ్గిస్తే సరిగ్గా ఆ దశలోకే వచ్చి పడతారు.

విశాఖ నుంచి కాకినాడకి వెళ్లాలంటే ఎంత ఇంధనం పడుతుంది?

సముద్రం మీద దాదాపు 75 నాటికల్ మైళ్లు. నాటికల్ మైలంటే 1.852 కిలోమీటర్లు, ఈ పేజీలో మైలు అన్నచోటల్లా అదే. రెండు పడవలు తీసుకుందాం.

మొదటిది నీటిరేఖ 28 అడుగులున్న సన్నటి పడవ. మనుషులు, సామానుతో కలిపి బరువు రెండున్నర టన్నులు. దీని హద్దు వేగం 7.1 నాట్లు. ఆరున్నర మీద నడపడానికి ప్రశాంతమైన నీళ్లలో నాలుగైదు హార్స్‌పవర్ చాలు. గాలికీ అలకీ కలిపి ఏడు అనుకోండి. చిన్న డీజిల్ ఇంజిన్ ఒక్కో హార్స్‌పవర్‌కి గంటకు సుమారు 0.2 లీటరు కాలుస్తుంది. అంటే గంటకి లీటరున్నర. పదకొండున్నర గంటల ప్రయాణానికి 17 నుంచి 20 లీటర్ల డీజిల్.

రెండోది 20 అడుగుల స్పీడ్ బోటు, దాని వెనక బయట బిగించే మోటారు, అంటే 90 హార్స్‌పవర్ పెట్రోల్ అవుట్‌బోర్డు. 21 నాట్ల మీద గంటకి 17 నుంచి 20 లీటర్లు తాగుతుంది. సముద్రం అద్దంలా ఉంటే మూడున్నర గంటల్లో చేరతారు, 60 నుంచి 70 లీటర్ల పెట్రోలు పోతుంది. డబ్బుకి ఇబ్బంది లేదు, మధ్యాహ్నం భోజనానికి కాకినాడలో ఉండాలి అంటే ఈ రెండోది తీసుకోండి, తప్పేమీ లేదు. కాకపోతే అలాంటి సముద్రం ఏడాదిలో కొన్ని రోజులే దొరుకుతుంది.

ఇంకో సంగతి ఈ లెక్కలోనే ఉంది. విశాఖ, కాకినాడల మధ్య చిన్న పడవ రాత్రికి నిశ్చింతగా ఆగే రేవు లేదు. గంగవరం ఉంది గానీ అది వాణిజ్య ఓడల రేవు. పూడిమడక లాంటి ఊళ్లలో పడవలు ఇసుక మీదికే ఎక్కుతాయి. కాబట్టి 75 మైళ్లనీ ఒక్క పగటి వెలుతురులో పూర్తి చెయ్యాలి. అయిదు నాట్ల పడవకి పదిహేను గంటలు, కుదరని పని. ఆరున్నర నాట్ల పడవ, ప్రవాహం ఎదురు కాని రోజున తెల్లవారుతూనే బయల్దేరితే చీకటి పడే వేళకి చేరుతుంది. నేను 28 అడుగుల నీటిరేఖ అని పట్టుబట్టేది ఇందుకే. విశాఖ నుంచి భీమిలికి వెళ్లి రావడమే మీ సరదా అయితే అది పోను పదిహేను మైళ్లే. ఇరవై అడుగుల పడవ కూడా చక్కగా సరిపోతుంది.

అయితే స్పీడ్ బోటే కొనుక్కుని నెమ్మదిగా నడుపుకుంటే సరిపోదా?

కొంత ఆదా అవుతుంది. అయిదు నాట్ల మీద అదే 20 అడుగుల పడవ గంటకి రెండు మూడు లీటర్లతో సరిపెట్టుకుంటుంది. కానీ వెడల్పాటి చదును వెనక భాగం నీళ్లను వెంట ఈడ్చుకొస్తుంది, తక్కువ వేగంలో పడవ తిన్నగా పోకుండా అటూ ఇటూ వంకర్లు పోతుంది. స్టీరింగ్ దగ్గర కూర్చున్నవాళ్లకి సాయంత్రానికి చేతులు పడిపోతాయి. వాడని ఎనభై హార్స్‌పవర్‌కి ముందే డబ్బు కట్టి, దాని బరువు ఏళ్ల తరబడి మోసుకు తిరగడం ఖాళీ ఆటోకి లారీ ఇంజిన్ పెట్టుకున్నట్టు ఉంటుంది.

ఎంత వెడల్పు ఉండాలి? సన్న పడవ ఎక్కువ ఊగుతుంది కదా?

ఊగుతుంది. 28 నుంచి 30 అడుగుల పడవకి ఏడు నుంచి ఎనిమిది అడుగుల వెడల్పు నాకు నచ్చిన కొలత. అంతకన్నా సన్నగా అయితే లోపల మసలడానికి చోటు ఉండదు, పక్కవాటు అలకి కడుపులో తిప్పుతుంది. పదడుగులు దాటితే ఇల్లులా ఉంటుంది, ఇంధనం కూడా అలాగే తాగుతుంది. వెనక భాగం నీళ్లలోకి మునగకుండా కాస్త పైకి లేచినట్టు ఉన్న ఆకారం చూసుకోండి. ఆరేడు నాట్ల మీద నడుస్తున్నప్పుడు వెనక నీళ్లు సుడులు తిరగకుండా శుభ్రంగా వదిలితే ఆకారం బాగున్నట్టే.

పైన గది ఎత్తుగా కట్టించుకోవద్దు. నిలబడి తల తగలకూడదనే సరదాకి గాలికి అడ్డంగా ఒక గోడ లేస్తుంది. ఎదురుగాలి రోజున దాని ఖర్చు తెలుస్తుంది.

మన జాలర్ల ఫైబర్ బోటునే కొని మార్చుకోవచ్చా?

ఈ పేజీలో నాకు బాగా ఇష్టమైన ప్రశ్న ఇదే. విదేశీ పత్రికల్లో పొదుపైన పడవ ఎలా ఉండాలని పేజీల కొద్దీ రాస్తారో, ఇంచుమించు ఆ లక్షణాలన్నీ మన ఒడ్డు మీద లాగిపెట్టిన ఫైబర్ బోటులో ఉంటాయి: పొడుగు, సన్నదనం, తేలిక, పది హార్స్‌పవర్ చుట్టుపక్కల డీజిల్ ఇంజిన్, నీళ్లు లోతు లేనిచోట కూడా తేలే అడుగు. అలల్ని చీల్చుకుని ఒడ్డు దాటడానికి తయారైన ఆకారం అది. డీజిల్ ధర కడుపు మీద కొట్టే వృత్తిలో ఉన్నవాళ్లు ఎంచుకున్న పడవ వృథాగా తాగేది ఎలా అవుతుంది?

ఉన్నది ఉన్నట్టుగా మాత్రం కుటుంబంతో తిరగడానికి పనికిరాదు. పైన డెక్ ఉండదు, లోపలికి వచ్చిన నీళ్లు తోడుకోవాలి, పట్టుకోవడానికి రెయిలింగ్ ఉండదు, ఇంజిన్ తెరిచి ఉంటుంది. అందుకని పాతది కొని అతుకులు వేసేకన్నా, అదే అచ్చులో కొత్తది పోయించుకుంటూ మార్పులు చేయించుకోవడం మేలు. ముందు మూడో వంతు డెక్ వేసి మూసెయ్యాలి. కూర్చునే చోటు నేల నీటిరేఖ కన్నా పైన ఉండి, వచ్చిన నీళ్లు వాటంతటవే బయటికి పోవాలి. ముందూ వెనకా గాలి చొరబడని గదుల్లో ఫోమ్ నింపించాలి, నీళ్లు నిండినా పడవ తేలాలి. ఇంజిన్‌కి పెట్టె కట్టి గాలి దారి వదలాలి. జాలర్లు వలలూ ఐసూ చేపల బరువుతో వెళ్తారు. మీ దగ్గర ఆ బరువు లేకపోతే పడవ మరీ తేలిపోయి గింగిరాలు తిరుగుతుంది. నీళ్ల డబ్బాలు, బ్యాటరీలు, లంగరు గొలుసు లాంటి బరువులు అడుగున మధ్యలో పెట్టించండి.

ఒక హెచ్చరిక. వేట పడవగా రిజిస్టరైన దాన్ని విహారానికి వాడటం చట్టం దృష్టిలో వేరే సంగతి. వేట పడవలకి ఇచ్చే సబ్సిడీ డీజిల్ మీకు రాదు, అడగొద్దు కూడా.

పెట్రోల్ అవుట్‌బోర్డు మంచిదా, లోపల బిగించే డీజిల్ ఇంజిన్ మంచిదా?

ఇరవై అడుగుల లోపు పడవకి, ట్రెయిలర్ మీద ఇంటికి తెచ్చుకునేవాళ్లకి, నాలుగు స్ట్రోకుల చిన్న అవుట్‌బోర్డు. 9.9 హార్స్‌పవర్‌ది సుమారు నలభై కిలోలు, ఇద్దరు కలిసి ఎత్తి కారులో పెట్టుకోవచ్చు. చెడిపోతే మోటారునే మెకానిక్ దగ్గరికి తీసుకెళ్లొచ్చు. అంతకన్నా పెద్ద పడవకీ, రోజంతా నడిచే ప్రయాణానికీ డీజిల్.

ఖర్చు తేడా ఒక్కటే కారణం కాదు. పెట్రోల్ ఇంజిన్ హార్స్‌పవర్‌కి గంటకు 0.3 లీటరు పైన కాలుస్తుంది, అంటే డీజిల్ కన్నా సగం ఎక్కువ. దానికి మించిన భయం పెట్రోల్ ఆవిరి. అది గాలి కన్నా బరువు, పడవ అడుగున చేరి కదలకుండా ఉంటుంది. ఒక్క నిప్పురవ్వ చాలు. డీజిల్‌తో ఆ టెన్షన్ చాలావరకు ఉండదు.

ఈమధ్య మూడో కారణం వచ్చి చేరింది. మన బంకుల్లో ఇప్పుడు దొరికేది ఇరవై శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు. చాలా అవుట్‌బోర్డుల మాన్యువల్స్‌లో పది శాతం దాకానే అనుమతి ఉంటుంది. ఇథనాల్ తేమను పీల్చుకుంటుంది. సముద్రపు గాలిలో నెలల తరబడి ట్యాంకులో నిల్వ ఉంటే నీళ్లూ ఇథనాలూ కలిసి అడుగున వేరుపడతాయి, ఇంజిన్ సరిగ్గా ఆ పొరనే పీలుస్తుంది. అవుట్‌బోర్డే ఉంటే ట్యాంకులో పెట్రోలు నిల్వ పెట్టకండి. వెళ్లే రోజు పోయించుకుని, వచ్చాక మిగిలింది తీసేసి బండిలో పోసుకోండి. నీళ్లను వేరుచేసే ఫిల్టర్ తప్పనిసరి. మాన్యువల్‌లో ఇథనాల్ శాతం ఎంత రాశారో కొనేముందే చదవండి.

డీజిల్‌కి ఉన్న లోపాలు చెప్పకపోతే అన్యాయం. బరువు ఎక్కువ, చప్పుడు ఎక్కువ, వణుకు ఎక్కువ, కొనేటప్పుడు ధర ఎక్కువ. ఏడాదికి నాలుగుసార్లు తిరిగేవాళ్లకి ఇంధనంలో మిగిలేదానితో ఆ తేడా ఎప్పటికీ పూడదు. అయినా డీజిల్ అంటున్నానంటే భద్రత కోసమూ, ఏ ఫిషింగ్ హార్బర్‌కి వెళ్లినా డీజిల్ ఇంజిన్ విప్పగలిగే మెకానిక్ దొరుకుతాడన్న ధీమా కోసమూ.

సెకండ్ హ్యాండ్‌లో టూ స్ట్రోక్ మోటారు చాలా చవగ్గా వస్తోంది. తీసుకోవచ్చా?

వద్దు. కార్బురేటర్ ఉన్న పాత టూ స్ట్రోక్‌లో పోసిన పెట్రోలులో నాలుగో వంతు దాకా కాలకుండానే పొగగొట్టంలోంచి నీళ్లలోకి పోతుంది. చవక అక్కడే తీరిపోతుంది.

ఎన్ని హార్స్‌పవర్ తీసుకోవాలి?

మొదట చెప్పిన 28 అడుగుల పడవకి మామూలు ప్రయాణంలో ఏడు చాలన్నాం. ఎదురుగాలి, ఎదురు ప్రవాహం, నది సముద్రంలో కలిసే మొగ దగ్గర అలల్లోంచి గబుక్కున బయటపడటం, వీటికి చేతిలో రెట్టింపు ఉండాలి. పదిహేను నుంచి ఇరవై మధ్య తీసుకోండి. ముప్ఫై పెడితే వేగం అర నాట్ పెరిగితే గొప్ప. ఎప్పుడూ పావు బలంతోనే నెమ్మదిగా తిరిగే డీజిల్ మసిపట్టి పాడవుతుంది, అది ఇంకో నష్టం.

ప్రొపెల్లర్ గురించి అందరూ ఏదో ఒకటి చెబుతున్నారు. నిజంగా అంత తేడా ఉంటుందా?

ఉంటుంది. నెమ్మది పడవకి పెద్ద ఫ్యాన్ నిదానంగా తిరగాలి. చిన్న ఫ్యాన్ వేగంగా తిరిగితే నీళ్లను చిలుకుతుంది గానీ పడవను నెట్టదు. మామూలు అవుట్‌బోర్డుల ఫ్యాన్లు తేలికగా ఉండి వేగంగా పోయే పడవల కోసం తయారైనవి. బరువైన పడవకి వాడేట్టయితే హై థ్రస్ట్ అని అమ్మే మోడల్ అడగండి. అందులో గేరు నిష్పత్తి ఎక్కువ, ఫ్యాన్ పెద్దది.

సరిపోయిందో లేదో తెలుసుకోవడం సులువు. మనుషులు, సామాను ఎక్కించి పూర్తి త్రాటిల్ ఇవ్వండి. మాన్యువల్‌లో రాసిన, నిమిషానికి గరిష్ఠ చుట్ల సంఖ్యకి ఇంజిన్ చేరాలి. చేరకపోతే ఫ్యాన్ ఆ ఇంజిన్ తిప్పడానికి మరీ బరువైంది, దాటిపోతుంటే మరీ తేలికైంది.

అంతకన్నా పెద్ద దొంగ పడవ అడుగున పట్టే గుల్లలు. మన వెచ్చటి నీళ్లలో కొన్ని వారాలు వదిలేస్తే అడుగు గరుకు తేలుతుంది, ఇంధనం ఖర్చు ఇట్టే పెరుగుతుంది. నీళ్లలోనే ఉంచే పడవకి గుల్ల పట్టని పెయింటు వెయ్యాలి. ఫ్యాన్‌ని కూడా గీకి శుభ్రం చెయ్యాలి, చాలామంది దాన్ని మర్చిపోతారు.

ఎలక్ట్రిక్ లేదా సోలార్ పడవ ఎందుకు వద్దు?

కాలువలకి, కొల్లేరు లాంటి నిలకడ నీళ్లకి బాగుంటుంది. కేరళలో వైకోం, తవనక్కడవుల మధ్య 75 మంది ప్రయాణించే సోలార్ ఫెర్రీ 'ఆదిత్య' 2017 నుంచి తిరుగుతోంది. అది వెనక జలాల మీద చిన్న దూరం, ఒడ్డు ఎప్పుడూ కనబడుతూనే ఉంటుంది.

సముద్రం లెక్క వేరు. లీటరు డీజిల్ చిన్న ఇంజిన్‌లో కాలితే ఫ్యాన్ దగ్గరికి సుమారు మూడు యూనిట్ల పని వస్తుంది. పది యూనిట్ల బ్యాటరీ అంటే మూడు లీటర్ల డీజిల్‌తో సమానం, బరువు మాత్రం డెబ్బై నుంచి వంద కిలోలు. మన పడవని ఆరున్నర నాట్ల మీద నడిపితే రెండు మూడు గంటల్లో ఖాళీ. భీమిలి వెళ్తారు, తిరిగి రావడానికి ఉండదు. కప్పు మీద ఒక కిలోవాట్ సోలార్ పలకలు పెడితే లైట్లు, రేడియో, చిన్న ఫ్రిజ్ హాయిగా నడుస్తాయి. అంతవరకు పెట్టించుకోండి.

రెండు పడవలు జోడించినట్టుండే కాటమరాన్ ఇంకా పొదుపు అంటారు కదా?

నిజమే. చాలా సన్నటి పడవలకి పైన చెప్పిన హద్దు వేగం అంతగా వర్తించదు, ఎనిమిది తొమ్మిది నాట్లు కూడా చవగ్గా వెళ్తాయి. కాకపోతే బరువు ఎక్కిస్తే ఆ గుణం పోతుంది, తరచుగా రెండు ఇంజిన్లు కావాలి, నిలపడానికి చోటు రెట్టింపు కావాలి. మన హార్బర్లలో ఒక పడవకే చోటు కోసం బతిమాలుకోవాలి.

పడవను ఎక్కడ ఉంచాలి?

నిజానికి కొనేముందు అడగాల్సింది ఇదే. ఇచ్ఛాపురం నుంచి తడ దాకా ఇంత తీరం ఉంది గానీ గోవా, కొచ్చిలలో లాగా సొంత పడవను అద్దెకి కట్టుకునే సదుపాయం మన దగ్గర అలవాటు కాలేదు. ఫిషింగ్ హార్బర్లు విశాఖ, కాకినాడ, బందరు దగ్గర గిలకలదిండి, నిజాంపట్నంలో ఉన్నాయి. అవి జాలర్ల బతుకుతెరువు చోట్లు, వేట నిషేధం నెలల్లో అయితే పడవలన్నీ ఒడ్డుకి చేరి అడుగు పెట్టడానికి సందుండదు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా తూర్పు తీరమంతా అదే పరిస్థితి.

కొత్తగా మొదలుపెట్టేవాళ్లకి కాకినాడ వైపు బాగుంటుంది. హోప్ ఐలాండ్ అడ్డుగా ఉండటంతో కాకినాడ ఉప్పుటేరు బయట నీళ్లు తక్కిన తీరం కన్నా నెమ్మదిగా ఉంటాయి. లోతు తక్కువ, అడుగు బురద, అందుకే తక్కువ లోతులో తేలే పడవ కావాలి. చోటు ఏదీ కుదరకపోతే ట్రెయిలర్ మీద లాగగలిగేంత పడవతో సరిపెట్టుకోండి. అప్పుడు 28 అడుగుల గురించి నేను చెప్పినదంతా పక్కన పెట్టి, 18 నుంచి 20 అడుగుల తేలిక పడవ, 15 నుంచి 20 హార్స్‌పవర్ అవుట్‌బోర్డు తీసుకుని దగ్గర దూరాలకే పరిమితం కావాలి.

నది మొగల్లోంచి లోపలికి వెళ్లడం క్షేమమేనా?

అంతర్వేది, భైరవపాలెం, హంసలదీవి, భీమిలి, ఎక్కడైనా మొగ దగ్గర ఇసుక మేటలు ఏటా చోటు మారుస్తాయి. వరద వచ్చి వెళ్లాక నిరుడు దారి ఈ ఏడు ఉండదు. నది నీళ్లు బయటికి వస్తూ సముద్రం అల లోపలికి వస్తుంటే ఆ రెండూ కొట్టుకునే చోట అలలు నిటారుగా లేస్తాయి. పోటు ఎక్కుతున్నప్పుడే, పగటిపూటే, ఆ ఊరి జాలరి ఒకరిని పడవలో కూర్చోబెట్టుకుని దాటండి. ఆయనకి ఇచ్చే కూలీ మీ ఖర్చుల్లో అన్నిటికన్నా విలువైనది. అనుమానంగా ఉంటే బయటే లంగరు వేసుకుని పోటు కోసం ఆగండి.

ఏ నెలల్లో తిరగాలి?

జనవరి నుంచి మార్చి. జూన్ నుంచి సెప్టెంబరు దాకా నైరుతి గాలులు. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా తుపాన్లు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖని ఏం చేసిందో ఆ ఊరివాళ్లకి చెప్పనక్కర్లేదు. ఏప్రిల్, మే నెలల్లో కూడా వాయుగుండాల మీద కన్నేసి ఉంచాలి.

ఇంధనం లెక్కలో అందరూ వదిలేసేది తీరప్రవాహం. ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా మన తీరం వెంబడి నీళ్లు ఈశాన్యం వైపు, అంటే కాకినాడ నుంచి విశాఖ వైపు నడుస్తాయి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా దానికి తలకిందులు. ఒక్క నాట్ ప్రవాహం ఉన్నా, ఆరున్నర నాట్ల పడవ కలిసొచ్చే వైపు పది గంటల్లో చేరే దూరం ఎదురు వైపు పదమూడున్నర గంటలు పడుతుంది. మార్చిలో మధ్యాహ్నం లేచే నైరుతి గాలి కూడా ఆ ప్రవాహం వైపే. అందుకని ఆ నెలల్లో మొదటి దూర ప్రయాణం కాకినాడ నుంచి విశాఖకి పెట్టుకోండి. తిరుగు ప్రయాణం తెల్లవారకముందే మొదలుపెట్టి, గాలి లేచేలోపు వీలైనంత దూరం లాగెయ్యాలి.

ట్యాంకులో ఎంత ఉండాలి?

మూడో వంతు వెళ్లడానికి, మూడో వంతు రావడానికి, మూడో వంతు ముట్టుకోకుండా. 75 మైళ్లకి 20 లీటర్లు అనుకుంటే అరవై లీటర్ల ట్యాంకు. పొదుపైన పడవకున్న సుఖం ఇక్కడ కనిపిస్తుంది. స్పీడ్ బోటుకి ఇదే సూత్రం పాటిస్తే రెండు వందల లీటర్ల పెట్రోలు మొయ్యాలి.

రిజిస్ట్రేషన్, అనుమతులు?

2008 ముంబయి దాడుల్లో ముష్కరులు చేపల పడవలోనే వచ్చారు. అప్పటి నుంచి తీరంలో ప్రతి పడవ మీదా నిఘా పెరిగింది. రిజిస్ట్రేషన్ సంగతి విశాఖలోని మర్కంటైల్ మెరైన్ డిపార్ట్‌మెంట్‌లోనూ ఏపీ మారిటైమ్ బోర్డులోనూ అడగండి. బయల్దేరే ముందు మెరైన్ పోలీసులకి ఎవరెవరు వెళ్తున్నారో, ఎప్పుడు తిరిగొస్తారో చెప్పి వెళ్లండి, అందరి గుర్తింపు కార్డులూ దగ్గర ఉంచుకోండి. విశాఖ నౌకాదళం ఉన్న రేవు, ఎక్కడ పడితే అక్కడ తిరగనివ్వరు. గోదావరి మొగల బయట చమురు, గ్యాస్ ప్లాట్‌ఫామ్‌లకి 500 మీటర్ల లోపలికి వెళ్లకూడదు. శ్రీహరికోటలో ప్రయోగం ఉన్నప్పుడు ముందుగానే సముద్రంలో కొంత ప్రాంతం మూసేస్తారు.

కొత్త విహార పడవల మీద 2025 సెప్టెంబరు 22 నుంచి జీఎస్టీ 40 శాతం. కొటేషన్ తీసుకునేటప్పుడు పన్నుతో కలిపిన ధరే రాయించుకోండి.

పడవలో తప్పనిసరిగా ఏం ఉండాలి?

ప్రతి మనిషికీ సరిపోయే లైఫ్ జాకెట్, పిల్లలకి పిల్లల సైజుది. తొడుక్కునే ఉండాలి, సీటు కింద పెట్టడానికి కాదు. రెండు లంగర్లు, గొలుసు, పొడుగాటి తాడు. ఇంజిన్ ఆగిపోతే రాళ్ల మీదికి కొట్టుకుపోకుండా ఆపేది లంగరే. వీహెచ్ఎఫ్ రేడియో ఉండాలి, ఆపదలో పిలవడానికి 16వ ఛానల్. దానికి టెలికాం శాఖ లైసెన్స్ కావాలి. కోస్ట్‌గార్డ్ ఫోన్ నంబరు 1554, తీర భద్రతకి 1093, రెండూ స్టీరింగ్ దగ్గర పెయింటుతో రాయించుకోండి. దేహ్రాదూన్‌లోని నేషనల్ హైడ్రోగ్రాఫిక్ ఆఫీస్ అచ్చేసిన చార్టు (సముద్రపు మ్యాపు), దిక్సూచి, అగ్నిమాపకం, మందుపెట్టె, తోడుకునే బకెట్టు.

హైదరాబాద్‌లోని సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్ చిన్న పడవల కోసం ప్రత్యేకంగా హెచ్చరికలు ఇస్తుంది. వెడల్పు ఏడు మీటర్ల లోపున్న పడవలు ఏ ప్రాంతంలో తిరగబడే ప్రమాదం ఉందో 2020 నుంచి చెబుతోంది. బయల్దేరే ముందురోజు రాత్రీ, ఆ తెల్లవారుజామునా రెండుసార్లు చూడండి.

అమెరికా నుంచి వచ్చే బంధువుల చేత శాటిలైట్ ఫోను గానీ, చేతిలో పట్టే శాటిలైట్ మెసెంజర్ గానీ తెప్పించుకోవాలని చూస్తారు కొందరు. అనుమతి లేకుండా వాటిని మన దేశంలో వాడటం నేరం, విమానాశ్రయంలోనే పట్టుకుంటారు.

బ్రోచర్‌లో 'కేటగిరీ సి' అని ఉంది. అంటే సముద్రానికి పనికొస్తుందా?

అది యూరప్ పద్ధతి. సి అంటే గాలి బోఫోర్ట్ స్కేలులో 6 దాకా, అల రెండు మీటర్ల దాకా తట్టుకునేలా కట్టారని. తీరం దగ్గర తిరగడానికి అది కనీసం. డి అని ఉంటే చెరువులకే.

మేం సియాటెల్ దగ్గర ఉంటాం. ఇదే లెక్క మాకూ పనికొస్తుందా?

భౌతికశాస్త్రం అక్కడా అంతే. మీకు ఇంకా సులువు, ప్యూజెట్ సౌండ్‌లో ప్రతి కొన్ని మైళ్లకీ మరీనా (సొంత పడవలు కట్టుకునే రేవు) ఉంటుంది, కాబట్టి 22 అడుగుల సి-డోరీ లాంటి ట్రెయిలర్ పడవతో వారం రోజులు తిరగొచ్చు. అది వేగంగానూ పోతుంది గానీ ఆరు నాట్ల మీద నడిపినప్పుడే పెట్రోలు మిగులుతుంది. అక్కడ ఆటుపోట్ల ప్రవాహాలు మనకన్నా చాలా బలంగా ఉంటాయి, టైమ్ టేబుల్ చూసుకోకుండా ఇరుకు దారుల్లోకి వెళ్లొద్దు. వాషింగ్టన్ రాష్ట్రంలో 15 హార్స్‌పవర్, ఆపైన నడిపేవాళ్లలో 1955 జనవరి 1 తర్వాత పుట్టినవాళ్లకి బోటర్ కార్డు తప్పనిసరి.

కొనేముందు పడవను ఎలా పరీక్షించాలి?

ఒడ్డు మీద ఉండగా అడుగంతా చిన్న సుత్తితో తట్టి చూడండి. గట్టిగా టకటకమనాలి. మొద్దుగా, మెత్తగా మోగిన చోట ఫైబర్ పొరల మధ్య నీళ్లు చేరి ఉంటాయి. అవుట్‌బోర్డు బిగించే వెనక పలక దగ్గర ఇంకా జాగ్రత్తగా తట్టండి, కుళ్లేది ఎక్కువగా అదే. ఇంజిన్ చల్లగా ఉండగా స్టార్ట్ చెయ్యమనండి. ముందే వేడి చేసి పెట్టారంటే చల్లగా ఉంటే లేవదని అర్థం. డీజిల్ నుంచి నీలం పొగ ఆగకుండా వస్తే ఆయిల్ కాలుతోంది. వేడెక్కాక కూడా నల్ల పొగ తగ్గకపోతే ఇంజెక్టర్లో, బరువైన ఫ్యానో. చల్లార్చే నీళ్లు ధారగా బయటికి పడుతున్నాయో లేదో చూడండి.

తర్వాత నీళ్లలోకి. ట్యాంకు పైపు తీసి, కొలిచి పోసిన అయిదు లీటర్ల క్యానుకి పెట్టండి. మీరు రోజూ నడపాలనుకుంటున్న వేగంలో, మీతోపాటు వచ్చే అంతమంది బరువుతో, ఒక వైపు అరగంట, అదే దారిలో వెనక్కి అరగంట నడపండి. ప్రవాహం ప్రభావం పోవడానికే రెండు వైపులా. జీపీఎస్‌లో దూరం చూసి, క్యానులో తగ్గిన డీజిల్ కొలవండి. లీటరుకి నాలుగు నాటికల్ మైళ్లకి పైన వస్తే బేరం మాట్లాడండి. మూడు వస్తే అడుగున గుల్లలున్నాయో ఫ్యాన్ వంగిందో చూసి, శుభ్రం చేయించి ఇంకోసారి కొలవండి. రెండు దాటకపోతే ఆ పడవ మీ పనికి కాదు. గంట సేపు ఇలా నడపనివ్వడానికి అమ్మేవాళ్లు ఒప్పుకోకపోతే అడ్వాన్స్ ఇవ్వకుండా వచ్చెయ్యండి.